గుంజ దగ్గర నీటి చాలు: 38 సెకన్ల గోదావరి రేవు ఏదో తేల్చిన తీరు

పాత సినిమా ప్రింట్లకు కేటలాగు రాయడం నా పని. ప్రతి రీలుకూ ఒక పత్రం ఉంటుంది, అందులో ‘చిత్రీకరణ స్థలం’ అని ఒక గడి ఉంటుంది. చాలా చోట్ల ఆ గడిని కథలోని ఊరి పేరుతో నింపేసి ఉండటం చూశాను. చూసిన ప్రతిసారీ మనసుకు కష్టంగా ఉంటుంది. కథ జరిగే ఊరు వేరు, కెమెరా నిలబడ్డ చోటు వేరు. ‘నాటు నాటు’ పాటలో మనం చూసేది బ్రిటిష్ కాలపు ఢిల్లీ. కానీ 2021 ఆగస్టులో కెమెరా నిలబడింది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మారిన్‌స్కీ ప్యాలెస్ ముందు. ఇంకో యాభై ఏళ్లకు ఆ పాటను చూసే వాళ్లకు ఈ సంగతి ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి కదా.

ఇక్కడ రాస్తున్నది ఒక్క రీలు గురించి, అందులోనూ 38 సెకన్ల గురించి. మూతపడిన ఒక సినిమా హాలు గదిలో దొరికిన 35 ఎం.ఎం. రీలు అది. మొదటి రీలు కాదు కాబట్టి టైటిళ్లు లేవు. రంగులు వెలిసిపోయి బొమ్మంతా గులాబీగా మారింది. దాన్ని స్కాన్ చేయించాక, హాలు యజమాని బంధువుల ద్వారా ఒక పెద్దావిడ నాకు ఫోను చేశారు. ఆవిడ రిటైరైన ఉపాధ్యాయురాలు. ఆ రీల్లో లాంచీ రేవుకు చేరే షాట్‌లో, ముందువైపు మోకు పట్టుకుని నిలబడ్డ మనిషి తన తండ్రి అన్నారు. ఆయన గోదావరి మీద లాంచీ నడిపే సరంగు. ఆవిడ చిన్నతనంలోనే పోయారు. ఇంట్లో ఉన్న ఫోటో ఒక్కటే, అదీ పెళ్లినాటిది.

“ఆయన నిలబడింది ఏ రేవులోనో చెప్పగలరా బాబూ? ఒక్కసారి అక్కడికి వెళ్లి రావాలని ఉంది” అన్నారు.

ఆవిడ కోరిక మేరకు సినిమా పేరు రాయడం లేదు.

ఆరు ముక్కలు

ఈ పనిలో నేను మొదట చేసేది దృశ్యాన్ని షాట్లుగా విడగొట్టడం. ఎడిటింగ్ బల్ల మీద వంద మైళ్ల దూరాన ఉన్న రెండు వీధులను ఒకే వీధిగా అతికించవచ్చు. అందుకే ఒక షాట్‌లో రుజువైన చోటును పక్క షాట్‌కు అప్పు ఇవ్వకూడదు. 38 సెకన్లంటే 912 ఫ్రేములు. వాటిలో ఆరు షాట్లు ఉన్నాయి. ఒకటి, పెద్ద నది మీద వంతెన, దాని మీద రైలు. రెండు, లాంచీ లోపల కిటికీ పక్కన కథానాయిక. మూడు, రేవు, అక్కడికి చేరిన లాంచీ, మోకు పట్టిన మనిషి, మెట్ల మీద కథానాయిక. నాలుగు, మెట్లెక్కుతున్న కాళ్లు. ఐదు, బజారులో బస్సు. ఆరు, నది మీద అస్తమిస్తున్న సూర్యుడు.

రెండో షాట్ సంగతి త్వరగానే తేలింది. లాంచీ ఊగుతున్నట్టు కిటికీ చట్రం కదులుతోంది గానీ, అవతలి నీటి అంచు దానికి తగ్గట్టు కదలడం లేదు. ఎండ ఒకవైపు నుంచి వస్తుంటే ఆమె ముఖం మీద వెలుగు రెండు వైపుల నుంచీ పడుతోంది. అది స్టూడియో ఫ్లోరు మీద, వెనుక తెరపై నదిని ఆడిస్తూ తీసిన బొమ్మ. నాలుగో షాట్‌లో కాళ్లూ రాతి మెట్లూ తప్ప ఏమీ లేవు. దాని గడి ఖాళీగానే వదిలాను. ఐదో షాట్‌లో బస్సు నంబరు చదవడానికి రాలేదు కానీ, అది మూడు అక్షరాలతో మొదలైందని లెక్కపెట్టగలిగాను. 1989 నుంచి వచ్చిన రెండక్షరాలు, రెండంకెల పద్ధతి కాదు. పాత బస్సులు చాలా ఏళ్లు తిరుగుతాయి కాబట్టి దాన్ని ఒక చిన్న సూచనగానే తీసుకున్నాను.

ఫిల్ము అంచున కంపెనీ వేసే గుర్తుల గురించి కూడా అడుగుతుంటారు. కోడాక్ వారి గుర్తులు 20 ఏళ్లకోసారి తిరిగి మొదటికొచ్చేవి. పైగా ప్రింటు అంచున ఉన్న గుర్తు ఆ ప్రింటు ఫిల్ము వయసు చెబుతుంది తప్ప షూటింగు జరిగిన ఏడాది చెప్పదు.

మిగిలింది మొదటి షాట్, మూడో షాట్, ఆరో షాట్.

వంతెన

మొదటి షాట్‌లో రైలు ఇనుప దూలాల మధ్యగా పోతోంది. దాని నెత్తిన, పై అంతస్తులో, ఒక లారీ ఎదురుగా వస్తోంది. కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెనలు ఆ రోజుల్లో దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. గౌహతి దగ్గర బ్రహ్మపుత్ర మీద సరాయ్‌ఘాట్ వంతెన, బీహార్‌లో మొకామా దగ్గర గంగ మీద రాజేంద్ర సేతు, కాశీ దగ్గర మాలవీయ వంతెన అలాంటివి. ఢిల్లీలో యమున మీది పాత ఇనుప వంతెన తిరగేసినట్టు ఉంటుంది, పైన రైలు, కింద రోడ్డు. మన వైపు రాజమండ్రి దగ్గర 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన ఉంది.

అది రాజమండ్రిదే అని తేల్చింది ఒక వంపు. ఆ వంతెనకు 91.5 మీటర్ల స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు) 27 ఉన్నాయి. రాజమండ్రి చివర మాత్రం ఊరి ఇళ్లను తప్పించుకోవడానికి లైను వంపు తిరుగుతుంది, అక్కడి స్పాన్లు 45.72 మీటర్లవే, అంటే పెద్ద వాటిలో సగం. షాట్‌లో కెమెరాకు దగ్గరగా ఉన్న చివరన సరిగ్గా అదే కనిపిస్తోంది. దూరంగా పొడుగు స్పాన్లు, దగ్గరికొచ్చేసరికి పొట్టివి, వాటితోపాటే వంపు తిరుగుతున్న రైలు. కాబట్టి కెమెరా ఉన్నది అవతలి గట్టున కొవ్వూరు వైపు కాదు, రాజమండ్రి గట్టునే.

కాలం కూడా కొంత తేలింది. 1974కు ముందుది కాదు. 1997లో వచ్చిన మూడో వంతెనకు ఉండే కాంక్రీటు విల్లులు మొదటి షాట్‌లోనూ లేవు, ఆరో షాట్‌లోని విశాలమైన నది మీదా లేవు. దాని నిర్మాణం 1991లో మొదలైంది. బస్సు నంబరు కూడా ఆ లెక్కకు ఎదురు చెప్పలేదు.

ఆరో షాట్‌కు పెద్దగా శ్రమ పడలేదు. రాజమండ్రి దగ్గర గోదావరి ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది, ఊరు తూర్పు గట్టున ఉంది. ఆ గట్టు మీద నిలబడితే సూర్యుడు నదిలోకే దిగుతాడు. షాట్ చివరన అదే పొడుగు స్పాన్ల వరస లీలగా కనిపిస్తోంది.

నేను చేసిన తప్పు

మూడో షాట్ దగ్గర నేను తొందరపడ్డాను. ఎలా తప్పానో రాయకపోతే ఈ కేసు రాయడంలో అర్థం లేదు.

రేవు మెట్ల పైనుంచి నది వైపు చూస్తూ తీసిన షాట్ అది. మనుషుల నీడలు నది వైపు నుంచి కెమెరా వైపుకు పొడుగ్గా పడుతున్నాయి. అంటే సూర్యుడు ఎదురుగా, నది మీద, కిందికి ఉన్నాడు. రాజమండ్రి గట్టున సాయంత్రం అచ్చం అలాగే ఉంటుంది. ముందు షాట్ రాజమండ్రి, చివరి షాట్ రాజమండ్రి. లాంచీ పక్కన పెయింటుతో రాసిన పేరులో చివరి అక్షరాలు ‘వరం’ అని కనిపిస్తున్నాయి. ఆవిడ దాన్ని రాజమండ్రి అసలు పేరైన రాజమహేంద్రవరం అని చదివారు. నాకూ సబబుగానే తోచింది. నీటి మీద చిన్న అలలు కుడి నుంచి ఎడమకు పోతున్నాయి. తూర్పు గట్టున నిలబడి పడమటికి చూస్తే ఉత్తరం కుడిచేతి వైపు ఉంటుంది, ప్రవాహం కుడి నుంచి ఎడమకే పోవాలి. అన్నీ కుదిరాయి. “రాజమండ్రి రేవేనమ్మా” అని ఆవిడకు ఫోనులో చెప్పేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను పోగేసినవన్నీ రాజమండ్రికి సరిపోయే ఆనవాళ్లే. ఇంకో చోటికి సరిపోవని మాత్రం ఒక్కదానితోనూ పరీక్షించలేదు. పడమటి గట్టున ఉదయం పూట నిలబడినా నీడలు అలాగే పడతాయి, సూర్యుడు తూర్పున నది మీదే ఉంటాడు. ‘వరం’ సంగతి చెప్పనే అక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో రాయి విసిరితే ‘వరం’తో ముగిసే ఊళ్లోనే పడుతుంది: పోలవరం, భీమవరం, ముమ్మిడివరం. పైగా లాంచీ మీద పేరు సినిమా కళా విభాగం వారు రాయించినదైనా కావచ్చు.

మర్నాడు మూడో షాట్‌ను ఫ్రేము తర్వాత ఫ్రేముగా మళ్లీ చూడటం మొదలుపెట్టాను.

మొదట, బొమ్మ తిరగబడలేదని నిర్ధారించుకోవాలి. ఎడిటింగులో చూపు దిశ కలవకపోతే షాట్‌ను అద్దంలో బింబంలా తిప్పి ప్రింటు చేయడం కొత్త కాదు. అలా తిప్పితే కుడి ఎడమల మీద ఆధారపడ్డ వాదన మొత్తం తలకిందులవుతుంది. కథానాయిక మెట్ల మీద మనవైపు తిరిగి ఉంది. పైట ఎడమ భుజం మీద ఉంటుంది కాబట్టి తెర మీద మనకు కుడివైపు కనిపించాలి. కుడివైపే ఉంది. లాంచీ మీది అక్షరాలు కూడా సరిగానే చదవడానికి వచ్చాయి. తిప్పిన షాట్ కాదు.

అప్పుడే ఆ పైట ఇంకో సంగతి చెప్పింది. కొంగు గాలికి ఎడమవైపు ఎగురుతోంది. నీటి మీది చిన్న అలలు పోతున్నదీ అటే. అంటే నేను ప్రవాహం అనుకున్నది గాలి. గాలి నీటి పైచర్మాన్ని మాత్రమే తోస్తుంది, నది దాని కింద తన దారిన తాను పోతూనే ఉంటుంది.

మరి నది ఎటు పోతోంది? మెట్లకు కొంచెం అవతల, పడవలు కట్టడానికి నీళ్లలో పాతిన ఒక గుంజ ఉంది. దాన్ని తెర మీద బాగా పెద్దది చేసి చూశాను. గుంజకు ఎడమవైపున నీరు చిన్న దిబ్బలా పైకి లేస్తోంది. కుడివైపున రెండు చాళ్లుగా చీలి, నాగలి వెనుక భూమి తెరుచుకున్నట్టు విచ్చుకుంటోంది. షాట్ ఉన్నంతసేపూ ఆ చీలిక దిశ మారలేదు. గాలి అలలు దాని మీదుగా ఎదురుగా పోతున్నాయి, అది మాత్రం కుడివైపుకే తెరుచుకుని ఉంది. నది ఎడమ నుంచి కుడికి పారుతోంది.

ప్రవాహం పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి వైపుది ఎడమ గట్టు. ఆ గట్టు మీంచి నదిని చూస్తే నీరు ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే పోతుంది. రాజమండ్రి ఎడమ గట్టు. ఈ రేవు కుడి గట్టుది. ఇక్కడ రాజమండ్రి కుదరదు.

అయినా ఒక సందేహం మిగిలింది. మెట్లు నీటిలోకి పొడుచుకొచ్చిన చోట గట్టు పక్కన నీరు సుడి తిరిగి వెనక్కి పోవడం ఉంటుంది. గుంజ అలాంటి వెనకనీటిలో ఉంటే? అప్పుడు లాంచీని చూశాను. దాని ముక్కు ఎడమవైపు ఉంది. ఆవిడకు మళ్లీ ఫోను చేసి, ముందు నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. తర్వాత, నాన్నగారు లాంచీని రేవుకు ఎలా చేర్చేవారో గుర్తుందా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు.

“ముక్కు ఎదురునీటికి పెట్టాలి, లేకపోతే ఆగదు అనేవారు బాబూ. దిగువకు పోతున్నా సరే, రేవు దాటాక చుట్టూ తిప్పి తెచ్చేవారు.”

నది మధ్య నుంచి వచ్చిన లాంచీ, ఎడమకు ముక్కు పెట్టింది. ఎదురునీరు ఎడమ నుంచి వస్తోంది. గుంజ చెప్పింది నిజమే.

ఏ రేవు

కుడి గట్టున కొవ్వూరు, తాళ్లపూడి, పట్టిసం (పట్టిసీమ అన్నా ఇదే), పోలవరం ఉన్నాయి. ఇప్పుడు వెనుక ఏముందో చూడాలి.

వెలిసిన రంగు ప్రింటుతో పనిచేసే వారికి ఒక మాట. ఈ ప్రింట్లలో ముందుగా పోయేది నీలి-ఆకుపచ్చ రంగు, నిలిచేది గులాబీ. ఆ గులాబీ రంగు ఆపేది ఆకుపచ్చ వెలుగును. అందుకని స్కానులోని మూడు పొరల్లో ఆకుపచ్చ పొరను విడిగా తీసి నలుపు తెలుపుగా చూస్తే, మసకలో పోయిందనుకున్న వివరం చాలావరకు అక్కడ దొరుకుతుంది. రంగు సరిచేయాలని కూర్చుంటే కళ్లకు ఇంపుగా ఉంటుంది గానీ ఆనవాళ్లు చెదిరిపోతాయి.

ఆ పొరలో, నది మధ్యన నేను లంకలోని చెట్ల గుంపు అనుకున్నది రాతి గుట్టగా తేలింది. గుట్ట మీద గుడి శిఖరం. గుట్ట కింద ఇసుక తిన్నె, తిన్నె మీద వరుసగా తాటాకు పందిళ్లు. బొమ్మ ఎడమ అంచున, చాలా దూరాన, కొండల వరస. గుడి వెనుక, అవతలి గట్టు మీద కూడా దూరంగా ఒక కొండ అంచు.

గోదావరి నడుమ గుట్ట మీద గుడి అనగానే ఆ ప్రాంతం వాళ్లెవరైనా పట్టిసీమ వీరభద్రస్వామి గుడి అంటారు. నాకూ వెంటనే నోటికి వచ్చింది. కానీ ఒకసారి తొందరపడి ఉన్నాను కాబట్టి ఈసారి తీసివేతతో మొదలుపెట్టాను. కొవ్వూరైతే అవతలి గట్టున రాజమండ్రి ఊరు, పక్కన వంతెన కనిపించాలి, అవి లేవు. భద్రాచలం గుడి నది మధ్యన లేదు, ఎడమ గట్టున ఊళ్లోనే ఉంది. విజయవాడ దగ్గర కృష్ణ అనుకుందామా అంటే కొండలు గట్టుకు ఆనుకుని ఉంటాయి, ఇంత దూరాన కాదు. తాళ్లపూడి పట్టిసీమకు దిగువన ఉంది, అక్కడి నుంచి చూస్తే గుట్ట ఎగువ వైపుకు, అంటే బొమ్మలో ఎడమ అంచుకు జరిగిపోవాలి. పోలవరం ఎగువన ఉంది, అక్కడి నుంచైతే కుడి అంచుకు పోవాలి. మన షాట్‌లో గుట్ట దాదాపు నడిమధ్యన ఉంది. ఎగువన పాపికొండల వైపు శ్రేణి కుడి గట్టు మీంచి చూసేవాడికి ఎడమచేతి వైపే కనిపించాలి, అలాగే ఉంది.

మిగిలింది పట్టిసం రేవు. ఇప్పుడు నీడలు కూడా వేరే అర్థంతో సరిపోయాయి. అది సాయంత్రం కాదు, ఉదయం. పందిళ్లను సినిమా వాళ్లు వేయించారనుకోవడానికి లేదు, తిన్నె పొడుగునా ఉన్నాయి, చాలా వాటికి కథతో పనే లేదు. పట్టిసీమలో మహాశివరాత్రికి పెద్ద తీర్థం జరుగుతుంది. నీరు తగ్గి ఇసుక బయటపడే ఫిబ్రవరి, మార్చి రోజులకు ఆ పందిళ్లూ కుదిరాయి.

ఈ మాట విన్నప్పుడు ఆవిడ గొంతు మారింది. శివరాత్రి ముందు వారమంతా నాన్నగారు ఇంటికి వచ్చేవారు కాదని, తీర్థం లాంచీలకు వెళ్లారని అమ్మ చెప్పేదని అన్నారు. ఆ జ్ఞాపకాన్ని నేను రుజువుల జాబితాలో చేర్చలేదు. నా నోటి నుంచి ‘శివరాత్రి’ అన్న మాట విన్న తర్వాత వచ్చిన జ్ఞాపకం అది. లాంచీ ముక్కు సంగతి అలా కాదు. అది ఆవిడ తనంతట తాను చెప్పింది, దేనికోసం అడుగుతున్నానో అప్పటికి నేను చెప్పలేదు. సాక్షిని అడిగే తీరులోనే సాక్ష్యం విలువ ఉంది. అయినా ఆవిడ మాటను పత్రంలో వేరే వరసలో, ఎప్పుడు ఎలా చెప్పారో సహా, రాసిపెట్టాను.

గట్టు మీద

చివరి పరీక్ష అక్కడికి వెళ్లి చేయాలి. ముందు గూగుల్ ఎర్త్‌లో చూసుకున్నాను. అందులో కొండల ఎత్తును పెంచి చూపే అమరిక ఒకటి ఉంటుంది, దాన్ని 1 దగ్గర ఉంచకపోతే లేని కొండ కూడా కలిసిపోతుంది. తర్వాత ఫ్రేములోని కొండల అంచును, గుడి శిఖరాన్ని ఒక పలచటి ప్లాస్టిక్ కాగితం మీద గీసుకుని పట్టిసం వెళ్లాను.

గట్టు రూపం మారింది. 2015లో మొదలైన ఎత్తిపోతల పథకం 24 పంపులతో ఇక్కడి నుంచే గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి తోడుతుంది. మెట్లతో, చెట్లతో పోల్చడం కుదిరే పని కాదు. కానీ గుట్టా కొండలూ ఎక్కడికీ పోవు. ఫ్రేములో గుడి శిఖరం వెనుక, అవతలి గట్టు కొండ అంచులో ఒక నొక్కు ఉంది. శిఖరం సరిగ్గా ఆ నొక్కులో నిలుస్తుంది. లెన్సు ఏదైనా, ఫిల్ము ఏదైనా, దగ్గరి వస్తువు వెనుక దూరపు వస్తువు నిలిచే వరస మారదు, మనిషి జరిగితేనే అది మారుతుంది. గట్టు వెంట మెల్లగా నడుస్తూ పోయాను. ఒకచోట శిఖరం నొక్కుకు కుడివైపు ఉంది, ఇంకా ముందుకు పోతే ఎడమవైపు వచ్చింది. రెండింటి మధ్య ఒక్క చోట నొక్కులో కూర్చుంది. కాగితం పైకెత్తి పట్టుకుంటే గీతలు కలిశాయి.

పత్రంలో ఇలా రాశాను. మొదటి, ఆరో షాట్లు రాజమండ్రి గట్టు, రుజువైంది. రెండోది స్టూడియో. మూడోది పట్టిసం రేవు, కుడి గట్టు, ఉదయం. ఆధారాలు ప్రవాహ దిశ, గుట్ట స్థానం, శిఖరం కొండ వరస. ముందు రాసిన ‘రాజమండ్రి’ని చెరిపేయలేదు. ఒక గీత కొట్టి, ఎందుకు కొట్టానో పక్కన రాశాను.

నెల తర్వాత ఒక ఉదయం ఫోను మోగింది. ఆవిడ కొడుకుతో కలిసి పట్టిసంలో దిగారు. చుట్టూ మనుషులు మాట్లాడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఎక్కడ నిలబడాలి బాబూ?”

“గుడి కనిపిస్తోందా అమ్మా?”

“ఎదురుగానే ఉంది.”

“శిఖరం వెనుక కొండకు ఒక నొక్కు ఉంటుంది. శిఖరం దానికి ఎటువైపు ఉంది?”

“కొంచెం ఎడమకు ఉంది.”

“అయితే మీరు ఎడమకు నడవండి, నది వైపే చూస్తూ. నొక్కులోకి వచ్చాక చెప్పండి.”

అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత అది ఆగింది.

“వచ్చింది” అన్నారు. “ఇప్పుడు లాంచీ ఎటు ఉండేది?”

“మీకు ఎదురుగా నీళ్ల అంచున. ముక్కు మీ ఎడమచేతి వైపు. ఆయన ఆ చివరన నిలబడి ఉన్నారు.”